ఉన్ని కవచం

హెక్సామ్‌లో ఆ గురువారం ఒకటే వాన.
హాల్లో ముప్పై ఒక్క మందిమి, తడిసిన కుక్క ఒకటి.
నా పక్కన వినిఫ్రెడ్ రాబ్సన్, ఎనభై మూడేళ్లు,
మా క్లినిక్‌లో పళ్లసెట్టు కట్టించుకున్న మనిషి.
"నా సినిమా వేస్తున్నారు, వస్తావా?" అని పిలిచింది.
నటించిందేమో అనుకున్నాను.

తెర మీద పన్నెండో శతాబ్దం.
పొగమంచు, బురుజు మీద కాకి,
గడియ తీస్తున్న బోడిగుండు సన్యాసి.
అంతలో గిటారు.
కరెంటు గిటారు! దాని వెనక యంత్రం కొట్టే డప్పు.
రంగురంగుల లైట్లు ఒక్కటే తక్కువ.

వెనక వరసలో పకపకా నవ్వారు.
"అప్పటికి స్విచ్చులున్నాయా?" అన్నాడొకడు.
నాకు నవ్వు రాలేదు.
మా పెదనాన్న తెనాలి నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు,
రెండు సేనల నడుమ, మెడలో మఫ్లరుతో,
ఎడమ చేత్తో తిత్తి కొడుతూ.
ఆ పెట్టె ద్వాపరంలో ఉందా అని ఎవరూ అడగలేదు.
బాణం తగిలి చచ్చిపడ్డ వీరుణ్ణి
జనం వన్స్ మోర్ అంటే
లేచి, దుమ్ము దులుపుకుని,
రాగాన్ని ఇంకో నాలుగు మెలికలు తిప్పి
మళ్లీ చచ్చిపోయేవాడు.
శ్రుతి తప్పితే ఊరుకునేవాళ్లు కాదు గానీ
కాలం తప్పితే ఎవడిక్కావాలి?

"కవచాలు చూడు" అంది వినిఫ్రెడ్, నా మోచెయ్యి పొడిచి.
"ఇనుము కాదు. ఉన్ని.
నేనూ, మా వీధిలో పదకొండు మందీ
చలికాలమంతా కూర్చుని అల్లాం,
చీపురుపుల్లలంత సూదులతో.
కవచానికి నాలుగు పౌండ్లు.
గొర్రెల కొట్టంలో వేలాడదీసి వెండిరంగు కొట్టాం.
వారం రోజులు మా ఇంట్లో టీ కూడా రంగు వాసనే."

షూటింగ్ నాడూ వానేనట.
ఉన్ని నీళ్లు తాగి ఇనుముని మించిన బరువు.
నూటనలభై మంది వీరులు
గొర్రెల కంపు కొడుతూ కొండెక్కారు.
"అంతమంది కదిలినా చప్పుడే లేదు తెలుసా,
పిల్లులు నడిచినట్టు.
ఈ డప్పు లేకపోతే
యుద్ధమని ఎవరు నమ్ముతారు?"

అప్పుడొచ్చింది గుర్రం.
నల్లది, నుదుట తెల్లమచ్చ.
డప్పేమో తకధిమి, తకధిమి.
వినిఫ్రెడ్ వేలు మాత్రం కుర్చీ చేతి మీద
తకిట, తకిట అంటోంది.
పాపం తాళజ్ఞానం లేదనుకున్నాను.
కాసేపటికి డెక్కల వైపు చూశాను.
గుర్రం నడక ఆమె వేలితో కలుస్తోంది,
పాటతో కాదు.

"బార్లీ" అంది. "మాదే.
మీదున్నది హీరో కాదు, మా సిరిల్.
హీరోకి గుర్రమంటే భయం."
ఇనపటోపీ. ముఖం కనబడదు.
ఆ ఒక్క కవచం మాత్రం
ఎవరికీ ఇవ్వకుండా తనే అల్లిందట,
కొలత తీసుకోకుండా.

ఈటె తగిలింది.
సిరిల్ పక్కకి ఒరిగి
జీను మీంచి బురదలోకి జారాడు.
గిటారు అలా సాగుతూనే ఉంది.
వేలు ఆగిపోయింది.

నా గొంతులోకి వన్స్ మోర్ వచ్చి నిలబడింది.
ఇంగ్లిషు మాటే.
ఈ హాల్లో ఎవరికీ అర్థం కాదు.

బయట కార్ పార్కులో గొడుగు తిరగబడింది.
ఆమె దాన్ని సరిచేయబోలేదు.
"ఎడమ భుజం మీద ఒక ముడి జారింది, చూశావా?" అంది.
చూళ్లేదన్నాను.
"నలభై ఏళ్లు. ఇవాళే కనబడింది నాకూను.
విప్పి మళ్లీ అల్లాల్సింది."
కారెక్కాక, సీటు బెల్టు వెతుక్కుంటూ,
"ఆ గిటారు బాగుంది కదూ" అంది.
"ఆయన చెవులు మూసుకునేవాడు."